క్రిస్మస్ చెట్టు కోసం కోరాపుట్, జయపురం వెళ్ళొచ్చాం

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లకు కొదవ లేదు. కానీ ఈసారి ఇంట్లో ప్రాణమున్న చెట్టే ఉండాలని మా అత్తగారు పట్టుబట్టారు. అదే రాష్ట్రంలోని కోరాపుట్ చలి ప్రాంతం కదా, అక్కడ ఫర్ (క్రిస్మస్‌కి వాడే సూదాకుల చెట్టు) దొరుకుతుందని ఆశపడేవాళ్ళు చాలామందే ఉంటారు. దొరకదు. ఆ ఊరి ఎత్తు సుమారు 870 మీటర్లు. మన దేశంలో ఫర్ అడవులు చూడాలంటే హిమాలయాల్లో రెండు వేల మీటర్లు దాటాల్సిందే. కోరాపుట్ కాఫీ తోటల్లో నిటారుగా కనిపించేవి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్‌లు.

అయినా నర్సరీల్లో కుండీలో పెంచిన చెట్టేదైనా చూద్దామనుకుని, బయలుదేరే ముందు అమెరికాలో నార్త్ కరొలైనాలో ఉండే మా ఆడపడుచుతో మాట్లాడాను. అక్కడి కొండల సొంత చెట్టు ఫ్రేజర్ ఫర్. ఆకు అడుగున వెండి చారలు, గట్టి కొమ్మలు, కోసి తెచ్చి నీళ్ళలో పెడితే వారాల తరబడి ఆకు రాల్చదు. వాసన కావాలనుకునేవాళ్ళు బాల్సమ్ ఫర్ తీసుకుంటారట. బరువైన బొమ్మలు వేలాడదీయడానికి నోబుల్ ఫర్ మంచిది. యూరప్‌లో ఎక్కువ నడిచేది నార్డ్‌మన్, దానికి ఆకు నిలుస్తుంది గానీ వాసన తక్కువ. డగ్లస్ పేరుకే ఫర్. అసలైన ఫర్ కాయలు కొమ్మ మీద నిక్కి నిలబడతాయి, డగ్లస్ కాయలు కిందికి వేలాడతాయి. "ఏ రకమైనా కొమ్మను గుప్పిట్లో పట్టి మెల్లగా లాగి చూడు వదినా, పచ్చి ఆకు చేతిలోకి వస్తే వదిలెయ్" అంది. నర్సరీల్లో ఈ మాటే నాకు పనికొచ్చింది.

గుణుపురం మీదుగా రాయగడ చేరి, అక్కడ రైలెక్కాం. సొరంగాల దారి, కిటికీ సీటు తప్పక పట్టుకోండి.

కోరాపుట్‌లో దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది. కానీ వేడినీళ్ళు పొద్దున్న ఒక్క బకెట్టే, రెండో రగ్గుకి విడిగా డబ్బులు. డిసెంబరు చలిలో అత్తగారికి చాలా ఇబ్బందయింది. జయపురంలో గది చిన్నదే అయినా యజమాని తెలుగాయన, కుండీని వరండాలో పెట్టుకోనిచ్చారు. పెద్దవాళ్ళతో వెళ్తే జయపురంలోనే దిగమంటాను. కోరాపుట్ అక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లే, చూసి రావచ్చు.

1880లలో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలతో ఈ ప్రాంతంలో క్రైస్తవ సంఘాలు మొదలయ్యాయి. క్రిస్మస్ ఇక్కడ పెద్ద పండగ, డిసెంబరులో నర్సరీవాళ్ళు అరకేరియా (క్రిస్మస్ చెట్టు ఆకారంలో పెరిగే కుండీ మొక్క) ముందు వరసలో పెడతారు. మేం చూసినవి కడియం నుంచి లారీలో వచ్చినవి. పక్కనే ఉన్న తూజా మొక్క చవక, ఒత్తుగానూ ఉంటుంది, కానీ నక్షత్రం వేలాడదీయడానికి కొమ్మల మధ్య సందు ఉండదు. సరుగుడు కొమ్మ అందంగా ఉంటుంది, నరికాక త్వరగా వాడిపోతుంది.

"అమ్మా, ఆకు కాదు, మొవ్వు చూసుకో. అది విరిగితే మళ్ళీ ఈ ఆకారం రాదు" అన్నాడు నర్సరీ ముసలాయన. నేను వంగి చూశాను. కొస మీద లేత పచ్చని మొవ్వు క్షేమంగా ఉంది, అడుగు వరస కొమ్మలు ఒక్కటీ ఎండలేదు. గుప్పిట్లో లాగినా ఏమీ రాలలేదు. ఆ అరకేరియానే కొన్నాం.

తిరుగు ప్రయాణంలో ఒక ప్రైవేటు బస్సువాళ్ళు కుండీని టాప్ మీద పడేయమన్నారు, ఒప్పుకోలేదు. తర్వాతి బస్సు కండక్టరు సగం టికెట్ తీసుకుని డ్రైవరు వెనక జాగా ఇచ్చాడు. కొమ్మల్ని పైకి మడిచి పాత చీరతో వదులుగా కట్టాం.

అరకేరియా కొమ్మలు మెత్తన, ఫ్రేజర్‌లా బరువు మోయవు. కాగితం నక్షత్రాలు, ఎల్‌ఈడీ సీరియల్ బల్బులు చాలు. పెద్ద స్టార్‌ని మొవ్వుకి కట్టకుండా వెనక గోడకి మేకు కొట్టి తగిలించండి. మట్టి పైపొర ఆరాకే నీళ్ళు పొయ్యండి. పండగయ్యాక వెలుతురు బాగా పడే వరండాలోకి మార్చేయండి, చీకటి గదిలో ఉంచితే అడుగు కొమ్మలు ఎండిపోతాయి, మళ్ళీ రావు.