సహాయ నిరాకరణా, శాసనోల్లంఘనా?

అహింసా పోరాటానికి సహాయ నిరాకరణ (పాలనకు సహకరించకపోవడం), శాసనోల్లంఘన (చట్టాన్ని కావాలనే మీరడం) – వీటిలో ఏ దారి మేలన్న ప్రశ్న నిజాం పాలనలోని హైదరాబాద్ గురించిన చర్చల్లో తరచూ వస్తుంది.

భారం: 1921లో చీరాల–పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులను నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు వదిలి రామనగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు, పసిపిల్లలతో సహా ఊరంతా ఆ కష్టాన్ని మోసింది. 1938లో నిషేధానికి గురైన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పార్టీ తరఫున ఆ నిషేధాన్ని ఉల్లంఘించి సత్యాగ్రహం చేసినవారు మాత్రం జట్లుజట్లుగా వచ్చి అరెస్టయ్యారు. జైలు వారి వంతే అయింది.

ముప్పు: సహాయ నిరాకరణకు ఐక్యత సడలడం, శాసనోల్లంఘనకు నాయకులు జైలుపాలవడం.

పాలకుడికి ప్రజల పన్ను, సహకారం తప్పనిసరైనచోట నిరాకరణ బలమైనది. గస్తీ (సర్క్యులర్) 53 వంటి ఉత్తర్వుతో సభకే అనుమతి అడగాల్సిన నిజాం రాజ్యంలో మాత్రం, నా దృష్టిలో, ఉల్లంఘనే సరైన మార్గం.