పాత కంప్యూటర్‌కు ఏ కీబోర్డు మేలు?

అటక మీది పాత డెస్క్‌టాప్‌ను దించి మళ్లీ వాడదామనుకునే వాళ్లంతా నన్ను అడిగేది ఇదే: "కీబోర్డు పోయింది, ఇప్పుడు ఏది కొనాలి?" ఈ మధ్యే 486 ప్రాసెసర్ ఉన్న నా పాత పీసీకి కీబోర్డు మార్చాను కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతాను.

వెనక లావుగా, గుండ్రంగా ఉండే ఐదు పిన్నుల సాకెట్టే అసలు చిక్కు. అదే ప్లగ్ ఉన్న పాత కీబోర్డు దొరికితే చాలనిపిస్తుంది. కానీ ప్లగ్ సరిపోయినంత మాత్రాన మాట కలవదు. ఐబీఎం 1981లో తెచ్చిన పీసీకి, ఆ తర్వాతి ఎక్స్‌టీకి, 1984లో వచ్చిన ఏటీకి ప్లగ్ ఒకటే. ఎక్స్‌టీ కీబోర్డు మాత్రం కంప్యూటర్‌కు చెప్పడమే తప్ప, అది చెప్పేది వినదు. ఏటీ కీబోర్డు రెండూ చేస్తుంది. అవి పంపే కోడ్‌లు కూడా వేరు.

నేను తెచ్చిన సెకండ్‌హ్యాండ్ కీబోర్డు ప్లగ్ బిగుతుగా కూర్చుంది, కానీ ఆన్ చేయగానే కీబోర్డు ఎర్రర్. ప్లగ్ వదులైందేమోనని చాలాసేపు వెతికాను. చివరికి తిరగేసి చూస్తే అడుగున చిన్న స్విచ్, దానికి ఒక పక్క 'X' (ఎక్స్‌టీ), ఇంకో పక్క 'A' (ఏటీ). నా 486 ఏటీ తరహాదే. కంప్యూటర్ ఆపేసి, గోటితో 'A' వైపుకు జరిపి ఆన్ చేశాను. మూడు లైట్లూ ఒక్కసారి మెరిశాయి. ఆ క్షణంలో ఎంత సంతోషమేసిందో! కాకపోతే స్పేస్‌బార్ అరిగిపోయి, రెండుసార్లు నొక్కితే గానీ పడేది కాదు. పాతవాటితో ఈ బాధ ఎప్పుడూ ఉండేదే.

అందుకే నా ఓటు పీఎస్/2 కీబోర్డుకు, దానికో చిన్న అడాప్టర్‌కు. 1987లో ఐబీఎం పీఎస్/2 పేరుతో ప్లగ్‌ను ఆరు పిన్నులకు మార్చి చిన్నది చేసింది కానీ లోపలి సంకేతాలు ఏటీవే. క్లాక్, డేటా, ఐదు వోల్టులు, గ్రౌండ్: ఈ నాలుగు తీగలను ఇటు నుంచి అటు కలిపితే చాలు. అడాప్టర్‌లో చిప్ ఏమీ ఉండదు కాబట్టి చెడిపోయేదీ పెద్దగా లేదు. 286 ప్రాసెసర్ ఉన్న పీసీల నుంచి పైవాటికి ఇది సరిపోతుంది. ఎక్స్‌టీకి మాత్రం పనికిరాదు, దానికి కోడ్‌లు మార్చే కన్వర్టర్ కావాలి.

యూఎస్‌బీ కీబోర్డు మాటేమిటి? ఊదా రంగులోనో ఆకుపచ్చలోనో దొరికే బుల్లి అడాప్టర్ తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ కీబోర్డుకు పీఎస్/2 భాష కూడా వస్తేనే అది పనిచేస్తుంది. ఇప్పటివాటిలో చాలావాటికి రాదు. చిప్ ఉన్న కన్వర్టర్ కొనొచ్చు కానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం కంప్యూటర్ ఆన్ అయిన మొదటి క్షణాలు. ఆన్ చేయగానే ముందుగా నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ అప్పుడే కీబోర్డు ఉందా లేదా అని చూస్తుంది. కన్వర్టర్ ఆలస్యంగా మేల్కొంటే మళ్లీ అదే ఎర్రర్. యూఎస్‌బీ పోర్టు ఉన్న పాత కంప్యూటర్లలోనూ ఇలాంటి చిక్కే వస్తుంది. బయోస్‌లో యూఎస్‌బీ కీబోర్డు సపోర్టు లేకపోతే, విండోస్ 98లో బాగా పనిచేసే కీబోర్డే సెటప్‌లోకి పోనివ్వదు.

కమొడోర్ 64, జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి 1980ల ఇంటి కంప్యూటర్లలో కీబోర్డు పెట్టెలోనే ఉంటుంది కాబట్టి ఈ అడాప్టర్లు కుదరవు. స్పెక్ట్రమ్‌కు కొత్త మెంబ్రేన్ (కీల కింద ఉండే పలచటి పొర) వేయడమే దారి. కమొడోర్‌కు అదే కంపెనీ కంప్యూటర్ విక్-20 కీబోర్డు సరిపోతుంది.

ఏది కొన్నా, కంప్యూటర్ ఆపాకే ప్లగ్ పెట్టండి. ఆన్‌లో ఉండగా పీకి పెడితే మదర్‌బోర్డు మీద సాకెట్ పక్కన ఉండే చిన్న ఫ్యూజు పోవచ్చు. కొత్త కీబోర్డుకు కూడా లైట్లు వెలగకపోతే, ఇంకోటి కొనే ముందు మల్టీమీటర్‌తో ఆ ఫ్యూజును చూడండి.