కాకినాడ ఉప్పుగాలిలో ఆరు మడత చాకులు: ఏడోదిగా ఏది?

నా దగ్గర ఆరు మడత చాకులున్నాయి. మొదటిది 2014లో కొన్నాను, ఆరోది 2021లో. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవి వాటిలో ఒక్కటీ లేదు, అన్నీ పనిలో అరిగినవే. కాకినాడలో మాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. రోజూ పది పదిహేను అట్టపెట్టెలు విప్పాలి, ప్లాస్టిక్ పట్టీలు కోయాలి, కొబ్బరి తాళ్లు తెంపాలి. ఆదివారం వస్తే అమలాపురం దగ్గరున్న మా కొబ్బరి తోటకు వెళ్తాను. అక్కడ పని వేరే రకం. రెండు చోట్లా ఉప్పుగాలే. చాకుల గురించి నేను చదివిన రాతలు ఎక్కువగా చలిదేశాల వాళ్లవి. మన కోస్తా గాలిలో, పచ్చిమామిడి పులుపులో, వానాకాలపు చెమ్మలో ఇవి ఏళ్ల తరబడి ఎలా ఉంటాయో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నాను. ఏడోది ఏది కొనాలో ఎలా తేల్చుకున్నానో కూడా చెబుతాను, దానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మొదటిది విక్టోరినాక్స్ స్పార్టన్. స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన చాకుల పనిశాలే తర్వాత ఈ కంపెనీ అయింది. 1891లో స్విస్ సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలుపెట్టారు, 1897లో అధికారుల చాకును రిజిస్టర్ చేశారు. ఎర్ర పిడి స్విస్ చాకులన్నీ దాని వంశమే. స్పార్టన్ మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు. స్టీలు మెత్తన అని దీన్ని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మెత్తదనం కావాలని ఉంచిందే. అంకె పెరిగే కొద్దీ గట్టిదని చెప్పే రాక్‌వెల్ కొలతలో బ్లేడు గట్టిదనం 56, రంపాలు, కత్తెరలు 53, స్ప్రింగులు 49. ఏది ఎంత వంగాలో, ఎంత పదును నిలపాలో చూసి ఇచ్చిన లెక్క అది. వారం రోజులు అట్టపెట్టెలు కోస్తే పదును తగ్గే మాట నిజమే. కానీ పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద పదిసార్లు అటూ ఇటూ లాగితే మళ్లీ కాగితం కోస్తుంది. పదకొండేళ్లుగా స్కూటర్ డిక్కీలో పడి ఉంటోంది. బ్లేడు మీద తుప్పు చుక్క కూడా లేదు.

రెండోది ఒపినెల్ 8వ నంబరు, కార్బన్ స్టీలు, అంటే స్టెయిన్‌లెస్ కాదు, తుప్పు పట్టే రకం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, నన్ను ఎక్కువ కష్టపెట్టిందీ ఇదే. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో దీన్ని తయారు చేశాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు సైజులు వచ్చాయి. 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. బీచ్ చెక్క పిడి, పల్చని బ్లేడు, మెడ దగ్గర తిప్పితే బిగుసుకునే ఉక్కు రింగు. ఆ రింగు 1955లో వచ్చింది. ఇంతకంటే తక్కువ భాగాలతో, ఇంత బాగా కోసే చాకు నేను ఇంకోటి చూడలేదు. బ్లేడు పల్చన కాబట్టి టమాటా అయినా, దోసకాయ అయినా కాగితంలా తెగిపోతుంది. మందపాటి బ్లేడు కాయను కోయదు, చీలుస్తుంది. ఈ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే మళ్లీ మరిచిపోలేం.

కార్బన్ స్టీలుకు మన వంటిల్లు పెట్టే పరీక్ష పులుపు. కొన్న ఏడాదే వేసవిలో పచ్చడికి మామిడికాయలు తరిగాను. నాలుగో కాయకే బ్లేడు నీలంగా, నల్లగా మారింది, మొదటి ముక్కలకు ఇనుము వాసన కూడా పట్టింది. భయపడి గరుకు కాగితంతో రుద్ది తెల్లగా చేశాను. అది నా తప్పు. పులుపులోని ఆమ్లం ఇనుముతో కలిసి ఏర్పరిచే ఆ నల్లని పొరే ఎర్ర తుప్పు త్వరగా పట్టకుండా కొంత కాపు కాస్తుంది. రుద్దడం మానేసిన రెండో వేసవికి పొర కుదురుకుంది, ముక్కలకు వాసనా పట్టడం లేదు. అయినా ఉప్పు దగ్గర ఆ పొర ఆగదు. ఒకసారి ఉప్పు చల్లిన జామకాయ కోసి కడగకుండా రాత్రంతా వదిలేశాను, తెల్లారేసరికి అంచు పొడవునా ఎర్ర చుక్కలు. ఆ గుంటలు ఇప్పటికీ భూతద్దంలో కనిపిస్తాయి. అప్పటి నుంచి కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాసి పెడుతున్నాను. కొబ్బరి నూనె రాయకండి, కొన్నాళ్లకు బంకగా మారి ఇరుసు దగ్గర పట్టేస్తుంది. నేను వాడేది కుట్టుమిషన్ నూనె. తినే కాయ కోసే ముందు తుడిచేస్తే చాలు.

ఇక చెక్క పిడి. ఆషాఢం వచ్చిందంటే బీచ్ చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, బ్లేడు గాడిలో బిగుసుకుంటుంది. ఇది చెక్క గుణం. సవాయ్ వాళ్లకు కూడా తెలిసిందే కాబట్టి వాళ్ల దగ్గర ఒక కిటుకు ఉంది. పిడి చివరను బల్ల అంచుకు ఠక్కున కొడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, అప్పుడు గోటితో లాగొచ్చు. నేను ఇంకో పని కూడా చేశాను. ఎండాకాలంలో పిడి బాగా ఆరాక ఇరుసు దగ్గర తేనెమైనం కరిగించి పోశాను, పిడికి అవిసె నూనె మూడు పూతలు పట్టించాను. తర్వాతి వానాకాలంలో కొట్టాల్సిన అవసరం సగానికి సగం తగ్గింది.

మూడోది జపాన్ హిగోనొకామి. మికి పట్టణంలో చేస్తారు. పల్చని ఇత్తడి రేకు మడిచిన పిడి, బ్లేడు వెనక చిన్న తోక. లాక్ లేదు, స్ప్రింగు లేదు, బొటనవేలితో తోకను నొక్కి పట్టుకోవడమే. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలందరి దగ్గరా పెన్సిళ్లు చెక్కడానికి ఉండేదట. నేనూ పెన్సిళ్లు చెక్కడానికే వాడతాను. షాపులో వడ్రంగులకు గుర్తులు పెట్టే పెన్సిళ్లు రోజుకు నాలుగైనా చెక్కాలి. నీలికాగితం అని పిలిచే గట్టి జపాన్ కార్బన్ స్టీలును మెత్తని ఇనుము పొరల మధ్య అతికించిన బ్లేడు కాబట్టి సానరాయి మీద ఇట్టే పదునెక్కుతుంది. తాడు కోసే పనికి మాత్రం దీన్ని ఇవ్వను.

నాలుగోదాని గురించి పేరు లేకుండానే చెబుతాను. చౌకగా వస్తోందని 2018లో కొన్నాను, లోపలి రేకు అడ్డం వచ్చి బ్లేడును ఆపే రకం లాక్. కొబ్బరి గెల కాడను కోస్తుండగా ఆ రేకు జారింది, బ్లేడు చూపుడువేలి మీద మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఏ లాక్ చాకు చేతికొచ్చినా ముందు ఒక పని చేస్తాను. చాకు తెరిచి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క మీద నెమ్మదిగా నొక్కి చూస్తాను. లాక్ కదిలితే ఇక దాని జోలికి వెళ్లను. ఆ చాకును పారేయలేదు. ఉత్తరాలు చింపడానికి గల్లాపెట్టె పక్కన ఉంది.

ఆ దెబ్బ తర్వాత కొన్నదే స్పైడర్కో డెలికా. బ్లేడులో గుండ్రటి రంధ్రం పెట్టి ఒంటిచేత్తో తెరిచే పద్ధతి, జేబుకు పట్టే క్లిప్పు, రెండూ అమెరికాకు చెందిన ఈ కంపెనీ 1981లో తెచ్చింది. డెలికా తయారయ్యేది మాత్రం జపాన్‌లోని సెకిలో. వెన్ను వైపు లాక్, వీజీ-10 అనే జపాన్ స్టెయిన్‌లెస్ స్టీలు, పిడి నైలాన్‌ది. బరువు 70 గ్రాములకు అటూ ఇటూ. షాపు పనికి ఇది రాజు. ఎడమచేత్తో పెట్టె పట్టుకుని కుడిచేత్తో తెరిచి, కోసి, మూసేయొచ్చు. అట్టపెట్టెల మీద స్పార్టన్ వారం నిలిస్తే ఇది మూడు వారాలు నిలుస్తుంది. అట్ట మనకు మెత్తగా కనిపిస్తుంది గానీ అందులోని ఇసుక, మట్టి రేణువులు అంచును గరుకు కాగితంలా అరగదీస్తాయి. అయితే పదును పూర్తిగా పోయేదాకా వాడితే మళ్లీ తేవడానికి గంట పడుతుంది. ఆరేళ్లలో నేను నేర్చుకున్నది, ఇలాంటి స్టీలును మొద్దుబారక ముందే రాయి మీద పెట్టాలని.

ఆరోది డూక్ డూక్, ఫ్రాన్స్‌లోని థియేర్ పట్టణానిది, 1929 నుంచి వస్తోంది. మడిచిన రేకు పిడి మీద మెలనీసియా దేవత బొమ్మ. అందంగా ఉంటుంది, స్ప్రింగు చాలా గట్టిది, వాడకంలో ఒపినెల్‌కు కొత్తగా చేర్చేది ఏమీ లేదు. ఇష్టపడి కొన్నాను, అంతే.

పదును మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వీధిలో సైకిల్ చక్రంతో సాన పట్టేవాళ్లకు కత్తిపీట ఇవ్వండి, కొడవలి ఇవ్వండి, ఈ చాకులు మాత్రం ఇవ్వకండి. ఆ చక్రం వేడికి పల్చని అంచు నీలం రంగుకు తిరుగుతుంది. అలా తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే. 1000 నంబరు నీటి సానరాయి ఒకటి కొనుక్కుని, ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టడం నేర్చుకుంటే జీవితాంతం సరిపోతుంది.

ఇప్పుడు ఏడోది. 2021 తర్వాత నేను చూసినవన్నీ స్టీలు పేర్లే. ఏది ఎక్కువ రోజులు పదును నిలుపుతుంది, ఏది గట్టిది, ఇదే గోల. ఎంత చదివినా తేలలేదు. చివరికి గల్లాపెట్టెలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాను. చాకుతో పని పడి, ఉన్న ఆరింటితో ఆ పని సరిగా కానప్పుడల్లా ఒక లైను రాయాలి. అంతే నియమం. ఎనిమిది నెలల్లో నలభై ఒక్క లైన్లు వచ్చాయి. కూర్చుని లెక్కపెడితే, పదును త్వరగా పోయిందని రాసినవి రెండే. బొటనవేలు మందం కొమ్మ కోయాల్సి వచ్చిందని పదిహేడుసార్లు రాశాను. గోనెసంచికో తోలు పట్టీకో రంధ్రం చేయాల్సి వచ్చిందని పదకొండుసార్లు. మిగతావి స్క్రూలు, వైర్లు. నాలుగేళ్లుగా నేను వెతుకుతున్న స్టీలుకూ నాకు నిజంగా కావాల్సిన దానికీ సంబంధమే లేదని ఆ రోజు అర్థమైంది.

అప్పటిదాకా నా జాబితాలో రెండు పేర్లు పైన ఉండేవి. ఒకటి స్పైడర్కో సాల్ట్ రకం. దాని స్టీలు సముద్రపు నీటిలోనూ తుప్పు పట్టదంటారు. కోస్తాలో ఉన్నవాడికి దీని మీద మనసు పోకుండా ఉండదు. రోజూ సముద్రం మీద చేపల వేటకు వెళ్లే వాళ్లకైతే నేను ఇదే చెబుతాను. రెండోది బక్ 110, 1960ల నుంచి వస్తున్న అమెరికా వేటగాళ్ల చాకు, ఇత్తడి చివరలు, బరువు. చేతిలో పెట్టుకుంటే ఎంతో బాగుంటుంది. నోట్‌బుక్‌లోని నలభై ఒక్క లైన్లలో ఇది తీర్చేది ఒక్కటీ లేదు.

సంక్రాంతికి వచ్చిన మా బావ దగ్గర విక్టోరినాక్స్ ఫార్మర్ చూశాను. 93 మిల్లీమీటర్లు, గీతలు కొట్టిన అల్యూమినియం పిడి. స్విస్ సైనికుడికి 1961 నుంచి 2008 దాకా ఇచ్చిన చాకు కూడా ఇదే కుదురు, ఫార్మర్‌లో దానికి రంపం తోడైంది. నేను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే బావ, "ఉంచుకోరా, దసరాకి వచ్చినప్పుడు తీసుకుంటాలే" అన్నాడు. అలా తొమ్మిది నెలలు వాడాను.

నిమ్మ కొమ్మ, కరివేపాకు కొమ్మ, మల్లె తీగ మోడు, బొటనవేలు మందం దాకా ఏదైనా ఆ రంపం నిమిషంలో కోసేస్తుంది. పచ్చి కొమ్మలోనూ పళ్లు ఇరుక్కోవు. రంధ్రం చేసే దబ్బనం పిడి చివర నుంచి తిన్నగా వస్తుంది కాబట్టి మణికట్టు బలమంతా దాని మీద పెట్టొచ్చు. స్పార్టన్‌లో అది వెన్ను మీద ఉంటుంది, చిన్న పనికి సరే గానీ తోలు పట్టీకి ఇబ్బంది. అల్యూమినియం ఉబ్బదు, పగలదు, చెమట చేతిలోనూ గీతల వల్ల జారదు. తోట మట్టి పడితే కుళాయి కింద పెట్టి కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇరుసుల్లో నూనె చుక్కలు వేస్తాను. బావ చాకు అప్పగించే రోజుకి నోట్‌బుక్‌లో ఆ తొమ్మిది నెలలకు కొత్తగా చేరినవి ఆరే లైన్లు.

లోటు లేదనను. బ్లేడుకు గానీ రంపానికి గానీ లాక్ లేదు, స్ప్రింగు బలమే ఆపుతుంది. రంపాన్ని కొమ్మలో మెలితిప్పితే వేళ్ల మీదకు మూసుకునే ప్రమాదం ఉంది, తిన్నగా లాగాలి. ఒంటిచేత్తో తెరవలేం, కాబట్టి షాపులో డెలికా స్థానం డెలికాదే. ఎర్ర పిడి చాకుల్లో ఉండే పట్కారు, పన్నుపుల్ల ఇందులో ఉండవు. తోటలో ముల్లు దిగినప్పుడు పట్కారు గుర్తొస్తుంది.

చట్టం గురించి అడిగేవాళ్లకు: మన ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడ్ల ప్రస్తావన ఉంది, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని అందులోంచి మినహాయించారు. నా చాకుల్లో ఏదీ నాలుగు అంగుళాలు దాటదు. విమానంలో మాత్రం ఎంత చిన్నదైనా చేతిసంచిలో పెట్టకండి, చెక్-ఇన్ సామానులో వేయండి.

ఫార్మర్‌కు నిన్ననే డబ్బు కట్టాను, వెండి రంగుదే. రంగులవి కూడా దొరుకుతాయి గానీ తోటలో రాళ్లకు తగిలి గీతలు పడితే లోపలి తెలుపు బయటపడుతుంది, వెండి రంగు మీద అది కనపడదు. పిడి చివరి రింగుకు ఎర్ర నైలాన్ తాడు కట్టాలని పక్కన పెట్టుకున్నాను. ఎండు కొబ్బరాకుల్లో పడితే వెండి రంగు చాకును వెతకడం ఎంత కష్టమో బావ చాకుతో ఒక సాయంత్రం తెలిసింది.