చెవిలో హోరు, అరికాళ్లలో మంట: మాత్ర మేలా, మిషన్ మేలా, ఫ్యాన్ మేలా?

పగలంతా ఈ రెండూ ఎక్కడ దాక్కుంటాయో తెలీదు. రాత్రి పదకొండు దాటి గాజువాక రోడ్డు మీద లారీలు పలచబడ్డాక ఎడమ చెవిలో కీచురాయి మొదలెడుతుంది. కాసేపటికి అరికాళ్లకి కారం రాసినట్టు మంట. ఒకదాని గురించి ఆలోచించకుండా ఉందామంటే రెండోది గుర్తుచేస్తుంది.

నేను 28 ఏళ్లు ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో పనిచేశాను. గ్రైండింగ్ మిషన్లు, రేకుల మీద సుత్తి దెబ్బలు. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు ఇచ్చేవారు, నా జేబులోనే ఉండేవి. షుగర్ వచ్చి 15 ఏళ్లయింది. రెండూ నరాల గొడవే కదా, ఒక్క మాత్రతో సరిపోతుందనుకున్నాను. ఒక ఏడాది అలాగే పోయింది.

షుగర్ డాక్టరు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే సెకనుకి 128 సార్లు అదిరే ఇనుప కొమ్ము) తెచ్చి నా కాలి బొటనవేలి ఎముక మీద పెట్టాడు. అదురు తెలియలేదు. చెవి డాక్టరు 512 హెర్ట్జ్ ఫోర్క్ నుదుటి మీద పెట్టి, ఏ చెవిలో వినిపిస్తోందని అడిగాడు. పనిముట్టు ఒకటే, జబ్బుల దారులు వేరు. షుగర్ పొడవాటి నరాలను ముందు పట్టుకుంటుంది కాబట్టి వేళ్ల చివర్లలో మొదలవుతుంది. మోత వల్ల దెబ్బ తినేది లోపలి చెవిలోని రోమ కణాలు. ఒక్కో చెవిలో సుమారు 15 వేలుంటాయి, పోయినవి మళ్లీ మొలవవు. మోతలో పనిచేసినవాళ్లకి 4000 హెర్ట్జ్ దగ్గర వినికిడి ముందు పడిపోతుంది. ఆ శబ్దాలు అందక మెదడు తనలో తనే వాల్యూమ్ పెంచుకుంటుందని, మనకి వినపడే హోరు అదేనని డాక్టర్లు చెబుతారు.

ముందు మాత్రల సంగతి. అరికాళ్ల మంటకి ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఇస్తారు. నాకు ప్రీగాబాలిన్‌తో మంట సగానికి సగం తగ్గింది. చెవి మాత్రం ఎప్పటిలాగే పాడుతోంది. చెవి హోరును మాన్పే మాత్ర అంటూ ఇప్పటిదాకా లేదు. అమెరికా చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల సంఘం 2014లో ఇచ్చిన సూచనల్లో జింకో (ఒక చెట్టు ఆకుల సారం), జింక్, మెలటోనిన్ మాత్రలు హోరుకి వాడొద్దని రాశారు. మన మందుల షాపుల్లో మాత్రం జింకో స్ట్రిప్పులు బాగానే అమ్ముడుపోతాయి. నేనూ మూడు నెలలు కొన్నాను. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కున్నా పనికొచ్చేది.

మాత్రకి ఖరీదు ఇంకో రకంగా కూడా ఉంది. ప్రీగాబాలిన్ వేసుకుంటే మత్తు, తూలు. అసలే పాదాలకి నేల తెలియదు. ఒక రాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ తలుపు చెక్క పట్టుకోకపోతే పడిపోయేవాణ్నే. అప్పటినుంచి చిన్న బెడ్‌లైట్ వేసి ఉంచుతున్నాం. అలాగని మాత్ర ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బీ12 తగ్గొచ్చు, అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి. రక్తపరీక్షలో నాకూ తక్కువే వచ్చింది. ఇలాంటి లోటు ఉంటే పూడ్చుకోవాలి. లేనప్పుడు ఊరికే ఇంజెక్షన్లు పొడిపించుకుంటే ఒరిగేదేం లేదు.

ఇక మిషన్, అంటే వినపడటానికి చెవికి పెట్టుకునేది. వినికిడి తగ్గి హోరు ఉన్నవాళ్లకి అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదేనని నా మాట. బయటి శబ్దాలు చెవికి అందితే లోపలి కీచురాయి వెనక్కి తగ్గుతుంది. పరీక్షకి వాల్తేరు వెళ్తున్నానంటే పక్కింటాయన, "ఏం గురువుగారూ, అంత ముదిరిందా?" అని నవ్వాడు. మానసిక ఆసుపత్రి కూడా ఆ వైపే కదా! ప్రభుత్వ చెవి ఆసుపత్రి కూడా అక్కడే ఉందని చెప్పాల్సి వచ్చింది. మిషన్ ధరలు వేలల్లో మొదలై లక్షల్లోకి పోతాయి. కానీ ధర కంటే ముందు అడగాల్సింది బ్యాటరీ గురించి. నా వేలి కొసలు కూడా మొద్దుబారాయి, బొత్తం అంత బ్యాటరీ పట్టుకుంటే జారి మంచం కిందకి పోయేది. నాలాంటివాళ్లకి చార్జింగ్ పెట్టుకునేదే మేలు. విశాఖ చెమటకి, ఉప్పు గాలికి మిషన్ తొందరగా పాడవుతుంది, రాత్రి సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. మొదటి మూడు వారాలు గిన్నెల చప్పుడుకి కూడా చిరాకేసింది. తర్వాత అలవాటైంది.

రాత్రి మిషన్ తీసేస్తాం కాబట్టి అప్పుడు అక్కరకొచ్చేది ఫ్యానే. దమ్మిడీ ఖర్చు లేదు. ఒక కిటుకుంది. చప్పుడు హోరును పూర్తిగా ముంచేయకూడదు, దానికి ఒక మెట్టు కిందే ఉండాలి. అప్పుడు మెదడు రెండింటినీ కలిపి వింటూ హోరును పట్టించుకోవడం మానేస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గట్టిగా వింటే ఉన్న చెవి కూడా పోతుంది.

సముద్రం హోరు దీనికి బ్రహ్మాండం. యారాడలో గంట కూర్చుంటే కీచురాయి ఊసే ఉండదు. కూర్చోవడం వరకే సుమా! మొద్దుబారిన పాదాలతో ఇసుకలో చెప్పులు లేకుండా నడవొద్దు. ఎండకి కాలినా, గవ్వ గుచ్చుకున్నా తెలియదు, ఇంటికొచ్చి చూసుకుంటే పుండు.

కౌన్సెలింగ్ అంటే మొదట నవ్వుకున్నాను. అది మోతను తగ్గించదు, మోత చూసి పుట్టే టెన్షన్‌ను తగ్గిస్తుంది. నిద్ర పట్టక ఏడుపొచ్చే స్థితిలో ఉన్నవాళ్లు మాత్ర కన్నా ముందు ఇది అడగాలి.

ఈ పోలికలేవీ పట్టించుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సందర్భాలున్నాయి. ఒక్కసారిగా చెవి వినపడకపోతే రోజులు లెక్కపెడుతూ కూర్చోవద్దు. ఒకే చెవిలో హోరు ఉండిపోయినా, గుండె కొట్టుకున్నట్టు లయగా మోగినా చూపించుకోవాలి. నాదీ ఒక చెవే కాబట్టి ఎమ్మారై తీశారు, ఏమీ లేదు.

నా లెక్క ఇప్పటికి ఇది: కాళ్లకి మాత్ర, పగలు చెవికి మిషన్, రాత్రికి ఫ్యాన్. కరెంటు పోయిన రాత్రుల కోసం ఫోన్లో శబ్దాల యాప్ పెట్టుకున్నాను. మా ఆవిడకి వాన చప్పుడు ఇష్టం. అది పెడితే షుగరు మనిషిని, గంటకోసారి బాత్రూమ్‌కి లేవాల్సి వస్తోంది. సముద్రానికి మార్చాం.