పాత లారీకి గ్లాస్ బౌల్ వాటర్ సెపరేటర్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

నెల్లూరు, ఒంగోలు స్పేర్ పార్టుల షాపుల్లో పాత లారీల కోసం విడిగా దొరికే, డీజిల్‌లోని నీళ్లను వేరుచేసే గ్లాస్ బౌల్ వాటర్ సెపరేటర్ గురించి ఈ రివ్యూ. పైన అల్యూమినియం తల, కింద గాజు బౌలు, అడుగున నీళ్లు వదలడానికి చిన్న ట్యాపు, అంతే. ఇన్‌లైన్ పంపున్న (సిలిండరుకొక ఎలిమెంటు చొప్పున వరసగా ఉండే డీజిల్ పంపు) పాత టాటా 1613, లేలాండ్ కామెట్ లాంటి బండ్లకు బిగిస్తారు. నీళ్లు పట్టడంలో దీనికి వంక పెట్టలేం. కానీ కౌంటరు దగ్గర "ఇది పెట్టించండి, ఇక డీజిల్ కంప్లైంటే ఉండదు" అని చెప్పే మాట నమ్మొద్దు. ట్యాంకులో తుప్పు, నల్ల జిగురు, కిరసనాయిలు కల్తీ, పైపులో గాలి... వీటిలో ఒక్కదానికీ ఇది మందు కాదు. సరిగా బిగించకపోతే గాలి కంప్లైంటు కొత్తగా వచ్చి చేరుతుంది కూడా.

లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. బౌల్లోకి వచ్చిన డీజిల్ వేగం తగ్గగానే నీటి బొట్లు అడుక్కి దిగిపోతాయి. అందుకే దీన్ని ట్యాంకుకూ, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకూ మధ్యే పెట్టాలి. పైపుల్లో ఎయిర్ తీయడం సులువని కొందరు ఫీడ్ పంపు తర్వాత పెడుతున్నారు. అప్పటికే ఫీడ్ పంపు నీటిని చిలికి సన్న తుంపరగా చేసేసి ఉంటుంది, ఆ తుంపర బౌల్లో దిగదు, ఫిల్టర్ల దాకా పోతుంది. అక్కణ్ణించి డీజిల్ పంపులోకి పోతే ఖర్చు మొదలైనట్టే. పంపు ఎలిమెంటుకూ (డీజిల్‌ను నెట్టే సన్న కడ్డీ) అది ఆడే బ్యారెల్‌కూ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. అక్కడ ఆయిల్ ఏమీ ఉండదు, డీజిలే ఆ ముక్కలకు ఆయిల్. నీళ్లు చేరితే తుప్పు పడుతుంది, ఎలిమెంటు పట్టేస్తుంది, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ సూది ఇరుక్కుంటుంది. పంపు, నాజిళ్లు విప్పి బాగుచేయించి కాలిబ్రేషన్ చేయించే బిల్లు ముందు ఈ సెపరేటర్ ధర లెక్కలోకి రాదు.

కొనే ముందు మీ బండికి అసలు నీళ్ల జబ్బేనా అని తేల్చుకోండి. "లోడు లాగడంలా" అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు. ఐడిలింగులో బాగుండి లోడు మీద చచ్చిపోతుంటే ఫిల్టర్ మూసుకుపోయిందనో, ఫీడ్ పంపు జాలీలో చెత్త ఉందనో అనుకోవాలి. దారిలో ఆగిపోయి, కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోతుంటే ట్యాంకులో చెత్త పికప్ పైపు మూతికి అతుక్కుంటోంది. ఇంజన్ ఆగితే లాగుడు పోయి ఆ చెత్త కిందపడుతుంది, కాసేపటికి మళ్లీ అతుక్కుంటుంది. పొద్దున హ్యాండ్ ప్రైమర్ (ఫీడ్ పంపు మీది చేతి పంపు) కొడితే గానీ పట్టుకోకపోతే, పట్టుకున్నాక కూడా ఆగిపోతుంటే గాలి. తెల్ల పొగ, ఒకటి రెండు సిలిండర్లు మిస్సవుతున్న వణుకు, అదీ పెద్ద వాన తర్వాతో కొత్తగా డీజిల్ పోసిన తర్వాతో మొదలైతే నీళ్లని అనుమానించండి.

అనుమానం తీర్చుకోవడానికి ఖాళీ వాటర్ బాటిలు చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేయకముందే, ట్యాంకు డ్రెయిన్ ప్లగ్గు మెల్లగా వదులు చేసి లీటరు పట్టండి. గంటసేపు కదపకుండా ఎండకు దూరంగా పెట్టండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు విడిపోతాయి. గీత కనపడీ కనపడనట్టుంటే మిఠాయిలో వేసే రంగు పొడి చిటికెడు వేయండి. నీళ్లు రంగెక్కుతాయి, డీజిల్‌కు రంగు పట్టదు. నీటికీ డీజిల్‌కూ మధ్య మీగడలా గోధుమ రంగు పొర, వేలికి జిగురుగా, తేలిందంటే సూక్ష్మజీవులు పెరిగినట్టు. నీరూ డీజిలూ కలిసే చోటే అవి బతుకుతాయి. మన తీరప్రాంతపు ఉక్కపోతకు, నెలల తరబడి సగం ట్యాంకుతో ఆగిన బండ్లలో ఇది బాగా కనిపిస్తుంది. ఈ జిగురు ఉన్న బండికి నేరుగా సెపరేటర్ బిగిస్తే బౌలు, ట్యాపు రెండూ మూసుకుపోతాయి, ఆ తప్పు సెపరేటర్ మీదికి పోతుంది.

అలాంటి బండికి ముందు ట్యాంకు దించాలి. గేజ్ ఫ్లోటు, పికప్ పైపు బయటికి తీసి, పాత డీజిల్ మొత్తం వంచేసి, 10 లీటర్ల శుభ్రమైన డీజిల్ పోసి అటూ ఇటూ ఊపి వంచేయండి. అడుగున పొలుసులు రాలుతుంటే చిన్న గొలుసు ముక్క వేసి ఊపి, మళ్లీ కడగండి. వచ్చేది తేటగా ఉండేదాకా ఆపొద్దు. పెట్రోలుతో కడగడం, ఆవిరి పోగొట్టకుండా ట్యాంకుకు వెల్డింగ్ పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. ఫిల్టర్లు గుడ్డదీ పేపరుదీ రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచితే లాభం లేదు. ఫీడ్ పంపు జాలీ కడగడం చాలామంది మర్చిపోతారు.

ఈ సెపరేటర్ నిజంగా ఎవరికి కావాలంటే, బంకులో కాకుండా పీపాల నుంచి డీజిల్ పోసుకునేవాళ్లకు. ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గర జనరేటర్ల కోసం పెట్టిన పీపాల నుంచే మేత, ఐసు తోలే బండ్లకూ పోస్తుంటారు. ఆరుబయట నిలబెట్టిన పీపా మూత మీద వాన నీరు నిలుస్తుంది. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక పీపా గాలిని లోపలికి లాక్కుంటుంది, దాంతోపాటు బిరడా చుట్టూ నిలిచిన నీరూ దిగుతుంది. బిరడా గట్టిగా ఉందన్న ధీమా పనికిరాదు. పీపాను పడుకోబెట్టి రెండు బిరడాలూ ఒకే మట్టంలో, అడ్డంగా ఉండేట్టు తిప్పండి. నిలబెట్టక తప్పదనుకుంటే బిరడాల దగ్గర నీరు నిలవకుండా ఒక పక్క ఇటుక పెట్టి వంచండి. పీపాలోకి దించే పంపు పైపు అడుక్కి నాలుగంగుళాలు పైన ఆపండి. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) డ్రమ్ము మాత్రం వద్దు. ఆ జింకు డీజిల్‌లో కలిసి నాజిళ్లలో గార కడుతుంది, దాన్ని ఏ సెపరేటరూ ఆపలేదు.

బిగింపులోనే అసలు గొడవంతా. ఇది లాగుడు వైపు ఉంటుంది గనక జాయింటు సరిగా లేకపోతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కాబట్టి లీకు లేదనుకోవడం ఇక్కడ చెల్లదు. బాంజో బోల్టు (పైపును బిగించే, లోపల డీజిల్ పారే బోలు బోల్టు) పాతది తీసుకెళ్లి మర సరిపోల్చుకుని కొనండి, కాపర్ వాషర్లు కొత్తవి వేయండి. పాత పైపు రంధ్రం కంటే సన్న హోసు వాడితే లోడు మీద డీజిల్ చాలదు. ఛాసిస్‌కు బిగించేటప్పుడు సైలెన్సర్‌కు దూరంగా, ట్యాపు చేతికందేట్టు చూడండి. బౌలును శుభ్రమైన డీజిల్‌తో నింపి మూసి, ఫిల్టర్ల మీది స్క్రూలు వరసగా వదులు చేస్తూ, బుడగలు ఆగేదాకా ప్రైమర్ కొట్టి, కొడుతూనే బిగించండి. తర్వాత డీజిల్ పంపు మీది స్క్రూ. ఇంకా పట్టుకోకపోతే రెండు నాజిళ్ల పైపుల నట్లు (యూనియన్లు) వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. ఆ చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దూరుతుంది. గాలి ఎక్కణ్ణించో తెలియకపోతే సెపరేటర్‌కూ ఫీడ్ పంపుకూ మధ్య కాసేపు పారదర్శకమైన హోసు పెట్టి చూడండి. బుడగలు అక్కడ కనబడితే తప్పు ట్యాంకు నుంచి ఆ హోసు దాకా ఉన్న జాయింట్లలోనే.

సరుకులో లోపాలూ ఉన్నాయి. చౌక రకాల్లో ట్యాపు ప్లాస్టిక్‌ది, మర త్వరగా జారుతుంది. ఇత్తడి ట్యాపున్నదే అడగండి. బౌలు పైన రబ్బరు రింగు నాలుగైదుసార్లు విప్పితే చప్పబడుతుంది, కొనేటప్పుడే రెండు అదనంగా తీసుకోండి. చీమకుర్తి క్వారీల రోడ్ల మీద తిరిగే గ్రానైట్ లారీలకు గాజు బౌలు రాయి తగిలి పగులుతుంది. వాళ్లు చుట్టూ రేకు కవచం కొట్టించుకోవాలి, లేదంటే ఇనప బౌలున్నది కొనాలి. ఇనప దాంట్లో నీళ్లు కంటికి కనపడవు, ట్యాపు తిప్పి చూడాల్సిందే.

మామూలు రోజుల్లో వారానికోసారి, నవంబరు డిసెంబరు వానల్లో రోజూ పొద్దున స్టార్టింగుకు ముందు ట్యాపు తిప్పి నీళ్లు వదలాలి. డ్రైవరుకు ఆ ఓపిక లేదనుకుంటే ఇది కొనడం దండగ. బౌలు నిండాక నీళ్లు నేరుగా ముందుకే పోతాయి.

కిరసనాయిలు కల్తీ అనుమానముంటే బంకులోనే డెన్సిటీ చూపించమనండి. అడిగే హక్కు కొనేవాడికి ఉంది. 15 డిగ్రీలకు లెక్కకట్టిన సంఖ్య, బంకుకు ట్యాంకరు లోడు వచ్చినప్పటి చలానులోని సంఖ్యకు 3 యూనిట్లు (ఘనపు మీటరుకు 3 కిలోలు) మించి తేడా రాకూడదు. ఇక కామన్ రైల్ (కంప్యూటరు నడిపే కొత్త రకం డీజిల్ ఇంజన్) బండ్లవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. వాటికి కంపెనీ ఫిల్టర్‌లోనే నీళ్ల సెన్సరు ఉంటుంది, డాష్‌బోర్డులో ఆ లైటు వెలిగినప్పుడు ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలితే చాలు.