చవక కాయిల్స్‌తో 31,000 కిలోమీటర్లు: ఎక్కిళ్లు ఎక్కడ మొదలయ్యాయంటే

మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కుతున్నా. మూడో గేరు, ఏసీ ఆన్, మే నెల మధ్యాహ్నం. బండి ఒక్కసారిగా ఎక్కిళ్లు పెట్టింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా ఎక్కువైంది. కిందికి దిగగానే ఏమీ ఎరగనట్టు మామూలైపోయింది. చెక్ ఇంజన్ లైటు కూడా వెలగలేదు.

నాది 2013 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి పెట్రోల్‌ను రవ్వతో అంటించే ఒక ప్లగ్గు, ఒక్కో ప్లగ్గు మీద ఆ రవ్వకు కావాల్సిన వోల్టేజీ ఇచ్చే ఒక్కో కాయిల్. అంతకు ఏడాది ముందు, 92,000 దగ్గర ఒక కంపెనీ కాయిల్ పోయింది. ఒక్కటి మారిస్తే చాలన్నాడు మెకానిక్. నేనే తెలివికి పోయి ఆన్‌లైన్‌లో నాలుగు లోకల్ కాయిల్స్, నాలుగు ఇరిడియం ప్లగ్గులు తెప్పించా. కంపెనీది ఒకటి కొనే డబ్బుకు ఇవి దాదాపు మూడొచ్చాయి. బ్రాండ్ పేరు చెప్పి లాభం లేదు. అచ్చం ఇలాంటివే వేరే వేరే పేర్ల డబ్బాల్లో రాణిగంజ్‌లో చూశాను.

మొదటి ఏడాది అడిగి ఉంటే ఐదు నక్షత్రాలూ ఇచ్చేసేవాణ్ణి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్ట్. ఓఆర్ఆర్ మీద వందలో పోతున్నా చిన్న వణుకు లేదు. పెట్టిన పది రోజులకే రాసే సమీక్షలన్నీ ఎందుకంత తియ్యగా ఉంటాయో అందుకే అర్థమైంది.

ఎక్కిళ్లు మొదలయ్యాక కాయిల్స్ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. "అన్నా, కాయిల్స్ కొత్తయే అంటున్నరు కదా, వాటి జోలికెందుకు? పెట్రోల్ల నీళ్లొచ్చినట్టున్నయ్, బంకు మార్చి చూడున్రి" అన్నాడు మెకానిక్. బంకు మార్చా. ఎయిర్ ఫిల్టర్ మార్చా. థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్లు కడిగించా. నాలుగు వేలు వదిలాయి, ఎక్కిళ్లు వదల్లేదు. 'కొత్తవి' అన్న మాట నా నోటి నుంచే వచ్చింది కాబట్టి అతన్నీ ఏమీ అనలేను.

అసలు గుట్టు ఆ ఫ్లైఓవర్‌లోనే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కితే సిలిండర్‌లోకి మిశ్రమం ఎక్కువ పోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. బలహీనమైన కాయిల్ ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, నెట్టుకొస్తుంది, ఇక్కడ చేతులెత్తేస్తుంది. పైగా వేడెక్కితే లోపలి ఇన్సులేషన్ ఇంకా నీరసిస్తుంది. పొద్దున షెడ్డుకు తీసుకెళ్తే బండి బుద్ధిగా ఉండేది అందుకే.

చివరికి బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఒక చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నా. లైటు వెలగకపోయినా కంప్యూటర్ పెండింగ్ కోడ్ దాచుకుని ఉంది: పి0303. అంటే మూడో సిలిండర్ మిస్ కొడుతోంది, అందులో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. పది నంబర్ స్పానర్‌తో మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో పెట్టి, కోడ్ చెరిపేసి మళ్లీ అదే ఫ్లైఓవర్ ఎక్కా. ఈసారి పి0301. దొంగ కాయిల్‌తో పాటే ఇల్లు మారాడు! ఈ పని చేసేటప్పుడు ప్లగ్గుల్ని మాత్రం కదపకండి. రెండూ కలిపి మారిస్తే తప్పు ఎవరిదో తేలదు.

దాని బదులు కంపెనీ కాయిల్ వేయించా. జూలై వానల్లో నాలుగోది మొరాయించింది. ఈసారి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద, లైటు వెలగడం కాదు, టపటపా కొట్టుకుంది. అలా కొట్టుకుంటే తొక్కకూడదు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే దాని పని అయిపోతుంది, ఆ బిల్లు ముందు కాయిల్ ధర చిల్లర. దిగే ర్యాంపు దాకా మెల్లగా పాకించుకుంటూ వచ్చా.

ఆ కాయిల్ తీసి చూస్తే కింది రబ్బరు గొట్టం గట్టిపడి, అంచున వెంట్రుకంత పగులు. లోపలి స్ప్రింగుకు తుప్పు. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. రవ్వ చివరి దాకా పోకుండా పక్కదారిన ఇంజన్ బాడీలోకి కారిపోయిన జాడ అది. పింగాణీ అడుగున గోధుమ రంగు వలయం కనిపిస్తే మాత్రం కంగారు పడకండి, అది మామూలే. నల్ల గీత పడ్డ ప్లగ్గును మాత్రం తుడిచి మళ్లీ పెట్టొద్దు.

మిగతా మూడు ప్లగ్గులతో నాకు పేచీ లేదు, ఇప్పటికీ నడుస్తున్నాయి. కాకపోతే డబ్బాలోంచి తీసినప్పుడే ఒకదాని గ్యాప్ (రవ్వ దూకే సందు) 0.8, ఇంకోదానిది 1.1 మిల్లీమీటర్లు. 'సెట్ చేసే పంపిస్తాం' అన్న మాట నమ్మకుండా గేజ్ పెట్టి చూసుకోవాలి, సరిచేసేటప్పుడు మధ్యనున్న సన్న ఇరిడియం మొనకు తగలకూడదు.

ఒక కంపెనీ కాయిల్, ఒక లోకల్ కాయిల్ చెరో చేతిలో పట్టుకుంటే బరువులో తేడా చేతికే తెలిసింది. వారంటీ ఆరు నెలలే, అది ఎప్పుడో అయిపోయింది. మిగిలిన రెండు లోకల్ కాయిల్సూ ఇంకా పాడవలేదు, కానీ మొన్న 1,23,000 దగ్గర వాటినీ తీయించేశా. పది నంబర్ స్పానర్‌తో కలిపి గుడ్డలో చుట్టి డిక్కీలో పడేశా. దారిలో ఎప్పుడైనా ఒకటి పోతే ఇంటిదాకా చేరుస్తాయి.