కార్నివాల్ ఆఫ్ సోల్స్: కంటికంటే చెవిని ఎక్కువ భయపెట్టే సినిమా

తలుపు కిర్రుమనాలి, వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వెయ్యాలి, ధడేల్‌మని మ్యూజిక్ రావాలి, అప్పుడే అది దయ్యం సినిమా అనుకునేవాళ్లు 1962 నాటి ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ జోలికి వెళ్లకండి, అరగంటలో నన్ను తిట్టుకుంటారు. నేనూ మొదటిసారి సగంలో ఆపేశాను. ఇంకోసారి అర్ధరాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ దూరంగా పడేసి చూస్తే గానీ విషయం అర్థం కాలేదు.

కథ రెండు ముక్కల్లో. రేసు పెట్టుకున్న కారు వంతెన మీద నుంచి నదిలో పడిపోతుంది. మూడు గంటలు గాలించాక, అందులో ఉన్న ముగ్గురమ్మాయిల్లో మేరీ ఒక్కతే బురదలోంచి నడుచుకుంటూ బయటికొస్తుంది. ఎలా బతికిందో ఆమెకే తెలీదు. తర్వాత అమెరికాలోనే యూటా రాష్ట్రానికి వెళ్లి చర్చిలో ఆర్గాన్ (గొట్టాల్లోంచి గాలితో మోగే పెద్ద కీబోర్డు వాద్యం) వాయించే ఉద్యోగంలో చేరుతుంది, దారిలోనే కారు అద్దంలో తెల్లగా పాలిపోయిన మొహం ఒకటి కనబడుతుంది, అదిక ఆమెని వదలదు. ముగింపు మీరు ఈపాటికే ఊహించేసి ఉంటారు. పర్లేదు, తెలిసినా భయం తగ్గదు.

తీసినాయన హెర్క్ హార్వీ. కాన్సాస్‌లోని లారెన్స్‌లో, స్కూళ్లకీ ఫ్యాక్టరీలకీ చూపించే చిన్న సినిమాలు తీసే కంపెనీలో ఉద్యోగి. ఓసారి కారులో వస్తూ సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉప్పు సరస్సు పక్కన సాల్టైర్ అనే మూతపడ్డ వినోదశాల చూశాడు, అది మనసులోంచి పోలేదు. తోటి ఉద్యోగి జాన్ క్లిఫర్డ్‌తో కథ రాయించి, సెలవు పెట్టి మూడు వారాల్లో తీసేశాడు. ఖర్చు 30 వేల డాలర్ల పైచిలుకు. ఆ తెల్ల మొహం మనిషి కూడా ఈయనే, ఇంకో నటుడి డబ్బులు మిగిలాయి! మళ్లీ ఇలాంటి పూర్తి నిడివి కథా సినిమా తీయలేదు.

ఇక నేను చెప్పాలనుకున్న సీను. మేరీ బట్టల షాపులో డ్రెస్సు వేసుకుని చూసుకుని బయటికొచ్చేసరికి ఆమె మాట ఎవరికీ వినబడదు, ఆమె ఎవరికీ కనబడదు, మొత్తం ఊరి చప్పుడంతా ఎవరో స్విచ్ నొక్కినట్టు ఆగిపోతుంది, ఆమె చెప్పుల టకటక ఒక్కటే మిగులుతుంది. గ్రాఫిక్స్ లేవు, మేకప్ లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. పార్కులో చెట్టుని తాకగానే పిట్టల కూత వినబడుతుంది చూడండి, అక్కడ నాకు ఊపిరి తిరిగొచ్చినంత పనయింది. మిగతా సినిమా అంతా సంగీతం ఇచ్చిన జీన్ మూర్ ఆర్గాన్ మోతే. చర్చి సంగీతం ఇంత అశుభంగా ఉంటుందని నాకు తెలీదు.

లోపాలు బోలెడు. కొన్నిచోట్ల పెదాలొకటి మాటొకటి, చిన్న వేషాలవాళ్లు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు, మధ్యలో డాక్టరు గారి ఉపన్యాసం అనవసరం. పక్క గదిలో ఉండే లిండెన్ మాత్రం వేరే. తలుపు సందులోంచి తొంగిచూస్తూ, పొద్దున్నే కాఫీలో మందు కలుపుకుంటూ వెంటపడే ఆ మనిషిని చూస్తే దయ్యమే నయమనిపిస్తుంది. మేరీగా క్యాండస్ హిల్లిగాస్ ఎవరితోనూ కలవదు, ఎవరి జాలీ కోరదు; అప్పట్లో కొందరికి రాయిలా అనిపించి ఉండొచ్చు, నాకైతే సినిమా నిలబడిందే ఆ చల్లటి మొహం మీద.

వచ్చినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టీవీల్లో రాత్రిళ్లు వేసీ వేసీ అభిమానులు పెరిగారు, 1989లో మళ్లీ థియేటర్లకొచ్చింది. సాల్టైర్ భవనం 1970లో కాలిపోయింది, ఇప్పుడది సినిమాలో తప్ప లేదు.

ఒక్క మాట. అమెరికాలో దీనికి కాపీరైట్ లేకపోవడంతో నెట్‌లో అరిగిపోయిన ప్రింట్లు కుప్పలుగా ఉన్నాయి. నేను మొదట ఆపేసింది అలాంటిదే, గరగర తప్ప ఇంకేం వినబడలేదు. బాగుచేసిన ప్రింటే వెతుక్కోండి, లేదంటే ఆ షాపు సీనులో నిశ్శబ్దం మీకు దొరకదు.